8వ తరగతికి కేథలిక్ స్కూల్: ప్రార్థన, ల్యాబ్, అడ్మిషన్ సందేహాలు (విశాఖ)

ప్రశ్న: మా అమ్మాయిని వన్‌టౌన్ వైపు ఒక కేథలిక్ హైస్కూల్లో ఎనిమిదికి చేర్చాలనుకుంటున్నాం. మేం హిందువులం. ప్రార్థనలకి రావాలని బలవంతం ఉంటుందా? స్కూల్ చూడ్డానికి వెళ్తే ఏం గమనించాలి?

హైస్కూల్ టీచర్, సీతమ్మధార: బలవంతం చెల్లదండీ. రాజ్యాంగం 28(3) అధికరణ ప్రకారం గుర్తింపు ఉన్న ఏ స్కూల్లోనైనా మతబోధకి, ఆరాధనకి పిల్లలు హాజరు కావాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. మామూలుగా కేథలిక్ పిల్లలు సత్యోపదేశానికి (వాళ్ల మతబోధ క్లాసుకి) వెళ్లే పీరియడ్‌లో మిగతావాళ్లకి మోరల్ సైన్స్ ఉంటుంది. అసెంబ్లీ ప్రార్థన మాత్రం అందరూ ఉండగానే జరుగుతుంది. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దొద్దనీ, రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలనీ 2024లో కేథలిక్ బిషప్పుల సమాఖ్యే తమ స్కూళ్లకి చెప్పింది. అది అమలవుతోందా అని ప్రిన్సిపాల్‌ని అడగండి. ఫారంలో మతబోధకి సమ్మతి అని ఎక్కడైనా ఉంటే చదివాకే సంతకం.

విలువల సంగతి గోడమీద రాసిన సూక్తుల్లో తెలియదు. ఒకటే అడగండి: గత మూడేళ్లలో తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో పదికి ఎంతమంది వెళ్లారు? మధ్యలో చాలామంది తగ్గిపోతే, ఫలితాల శాతం కోసం చదువులో వెనకబడినవాళ్లకి టీసీ ఇచ్చి పంపేస్తున్నారేమో గట్టిగా ఆరా తీయండి. ఫీజు ఆలస్యమైతే పిల్లని పరీక్ష రాయనిస్తారా అన్నదీ అడగాలి.

ల్యాబ్ పని తెలిసినవాడు, గాజువాక: వన్‌టౌన్‌లో శతాబ్దం దాటిన స్కూళ్లున్నాయి. సెయింట్ అలోషియస్ 1847 నాటిది. పాత కట్టడమైనా కొత్తదైనా ల్యాబ్ లోపలికి వెళ్లి చూడాల్సిందే. సీబీఎస్ఈ అయితే సైన్స్ ల్యాబ్ కనీసం 600 చదరపు అడుగులు, తరగతి గది 500 ఉండాలి. కుళాయి తిప్పండి, నీళ్లు రావాలి. రసాయనాల సీసాల మీద పేరు, తేదీ ఉన్నాయా? మంటలార్పే సిలిండర్ ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందా? బీకర్లు మెరిసిపోతూ బీరువాలో తాళం వేసి ఉంటే ప్రయోగాలు జరగడం లేదనుకోండి.

సముద్రపు ఉప్పుగాలి మన ఊళ్లో ఇనుముని అడుగునుంచి తినేస్తుంది. బాస్కెట్‌బాల్ స్తంభాల మొదలు, పై అంతస్తు రెయిలింగ్ అతుకులు చేత్తో కదిపి చూడండి. పైకి రంగు వేసి ఉన్నా లోపల డొల్లగా ఉండొచ్చు. బాలికల టాయిలెట్లు ఇంటర్వెల్ అయ్యాక చూస్తేనే నిజం తెలుస్తుంది: నీళ్లు, లోపలి గడియ, ప్యాడ్లు వేసే మూత డబ్బా.

మరో తల్లి, మర్రిపాలెం: మా చిన్నాడిని ఒకటో తరగతికి అక్కడే ఉచిత సీటు కింద అడగొచ్చా?

హైస్కూల్ టీచర్, సీతమ్మధార: కుదరదమ్మా. విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకి ఉచితంగా ఇవ్వాల్సిన 25 శాతం సీట్లు కేథలిక్ స్కూళ్లలాంటి మైనారిటీ స్కూళ్లకి వర్తించవని 2014లో సుప్రీంకోర్టు తీర్పు. ఫీజు రాయితీ ఉందేమో నేరుగా కరెస్పాండెంట్‌నే అడగండి.

పైన ప్రశ్న వేసినవారికి ఇంకోమాట. ఎనిమిదిలో చేర్చడమే మేలు, సీబీఎస్ఈ అయితే తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది. టీసీ, ఆధార్, జనన ధ్రువపత్రం మూడింట్లోనూ పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఇప్పుడే సరిచేయించండి. రిజిస్ట్రేషన్‌లో పడిన తప్పే పదో తరగతి సర్టిఫికెట్‌కీ ఎక్కుతుంది. పాత స్కూల్ యూడైస్‌లో (పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) పిల్ల పేరుని డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే స్కూల్ వదిలినవాళ్ల జాబితాలోకి, వదిలితేనే కొత్త స్కూల్ తీసుకోగలదు. టీసీ తీసుకున్న రోజే పెన్ నంబర్ (ఆ పోర్టల్‌లో పిల్లకిచ్చే శాశ్వత నంబర్) రాయించుకుని, ఆ పని అయిందో లేదో అక్కడే అడగండి.