నాన్నకు 74 ఏళ్లు. ఒక్కరే ట్రైలర్ లాక్కుని సరస్సు దాకా వెళ్తానంటున్నారు. ఆపాలా, వద్దా?

నడిపమ్మాయి

ప్రతి ఏడాదీ మా ఇంటిల్లిపాదీ ఒక వారం సరస్సు ఒడ్డున గడుపుతాం. అన్నయ్య వాళ్లు, మేము, చెల్లి వాళ్లు అద్దె ఇంట్లో దిగుతాం. అమ్మానాన్న మాత్రం ఎప్పుడూ కారు వెనక తగిలించి లాక్కెళ్లే తమ చక్రాల ఇల్లు, అదే ట్రైలర్‌లోనే. పిల్లలు రాత్రిళ్లు వంతులేసుకుని అందులో పడుకుంటారు. నిరుడు చలికాలంలో అమ్మ చనిపోయింది. ఈసారి నాన్న రారేమో అనుకున్నాం. వస్తానన్నారు. అదీ ట్రైలర్‌తో, ఒక్కరే, 640 కిలోమీటర్లు.

నాన్నకు 74. పగలు డ్రైవింగ్ బాగానే చేస్తారు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి కాలేదు. సామాను వేశాక ట్రైలర్ బరువు 1,600 కిలోల దాకా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా లాగుతున్నారు కాబట్టి కొత్తేమీ కాదు.

అన్నయ్య తాళాలు దాచేద్దాం అంటున్నాడు. చెల్లి ఆయన ఇష్టం అంటోంది. నాకు రెండు మాటలూ సగం సగం సరైనవే అనిపిస్తున్నాయి, అదే టెన్షన్. ఇలాంటిది దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పెద్దల్లుడు

తాళాలు దాచడం తప్పు. ఆయన చిన్నపిల్లాడు కాదు. కానీ "వద్దు నాన్నా" అని ఎదురుగా చెప్పడం తప్పు కాదండీ, చెప్పకపోవడమే తప్పు.

డ్రైవర్లకు 70 దాటిన తర్వాత కిలోమీటరుకు ప్రాణాపాయం పెరుగుతూ పోతుంది. అందులో కొంత నడపడంలో తేడా వల్ల, కొంత ఆ వయసు ఒళ్లు దెబ్బకు తట్టుకోలేకపోవడం వల్ల. ముప్పై ఏళ్లవాడు లేచి దులుపుకుని వెళ్లిపోయే దెబ్బకు పెద్దాయన ఆసుపత్రి పాలవుతాడు. మా మామగారు 77వ ఏట కూడలిలో కారు మలుపు తిప్పుతూ, ఎదురొచ్చే కారు ఇంకా దూరంలోనే ఉందనుకున్నారు. ట్రైలర్ లేదు, రోజూ తిరిగే రోడ్డే. తుంటి ఎముక విరిగింది. ఏడు నెలలు మంచం మీద ఉన్నారు. మళ్లీ మునుపటిలా నడవలేదు.

ఆరోజు పొద్దున ఆయన కారు తీస్తుంటే నేను గుమ్మంలోనే ఉన్నాను. చూపు సరిగా ఆనట్లేదని నాకు అప్పటికే అనుమానం. నోరు విప్పలేదు. మీరు ఆ పని చేయకండి.

నీలిగట్టు

ఒక ప్రశ్న. ట్రైలర్‌తోనే ఎందుకు రావాలనుకుంటున్నారో మీ నాన్నగారిని ఎవరైనా అడిగారా? ముగ్గురు పిల్లలు ఏమనుకుంటున్నారో రాశారు గానీ, ఆయన ఏమన్నారో రాయలేదు.

లాగుడుబండి

28 ఏళ్లుగా ట్రైలర్ లాగుతున్నాను, అందులో గత ఆరేళ్లు ఒంటరిగా. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

అందరూ 74 అన్న అంకె చుట్టూ తిరుగుతున్నారు. నన్నడిగితే అసలు విషయం వేరే ఉంది. ట్రైలర్ ప్రయాణం ఇద్దరు మనుషుల పని. మీ నాన్నగారికి ఇరవై ఏళ్ల అనుభవం ఉందన్నారు, నిజమే, కానీ అది ఇద్దరి అనుభవం. అందులో సగం మీ అమ్మగారిది. అవును, ఆవిడ ఒక్కసారి కూడా స్టీరింగ్ పట్టుకోకపోయినా సరే.

ఆవిడ ఏమేం చేసేవారో గుర్తు తెచ్చుకోండి. బయల్దేరే ముందు ఒకరు బ్రేక్ తొక్కితే ఇంకొకరు వెనక నిలబడి లైట్లు వెలుగుతున్నాయా చూడాలి. ట్రైలర్ మూతిని కారు వెనకున్న బంతి మీదకి దించేటప్పుడు ఒకరు చెయ్యి చూపించాలి. ఒకరు తాళం వేస్తే ఇంకొకరు "పిన్ను పెట్టావా" అని అడగాలి. దారిలో మ్యాప్ చూడాలి. మూడో గంటలో మాట తగ్గి రెప్పలు బరువెక్కుతున్నాయని గమనించి బండి ఆపించాలి. చేరాక రివర్స్‌లో పెట్టేటప్పుడు వెనక నిలబడాలి. ఇవన్నీ పక్క సీట్లో జరిగే పనులు. ఇప్పుడు ఆ సీటు ఖాళీ.

నేను మొదటిసారి ఒంటరిగా వెళ్లినప్పుడు దెబ్బతిన్నది ఇక్కడే. దించి, తాళం వేసి, గొలుసులు తగిలించాను. మధ్యలో ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చి బయల్దేరిపోయాను. నలభై కిలోమీటర్ల తర్వాత పెట్రోల్ కోసం ఆగితే, తాళం మీద పెట్టాల్సిన పిన్ను బంపర్ మీదే ఉంది. అది అక్కడి నుంచి జారిపడలేదు, తాళం ఊడలేదు, నా అదృష్టం. అప్పటినుంచి నాకో నియమం ఉంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి మొదలు. చేత్తో ముట్టుకుని, పైకి చదువుతూ చూస్తాను. తాళం, పిన్ను, కింద ఒకదాని మీదుగా ఒకటి వేసిన గొలుసులు, బండి ఊడిపోతే ట్రైలర్ బ్రేకు దానంతటదే పడేలా కట్టే తీగ, లైట్ల ప్లగ్గు, గ్యాస్ సిలిండర్ వాల్వ్ మూసి ఉండటం.

ఇక రోడ్డు మీద. ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడితే చాలామంది భయపడి కారు బ్రేక్ గట్టిగా తొక్కుతారు, లేదా స్టీరింగ్‌తో సరిచేయబోతారు. రెండూ దాన్ని ఇంకా పెంచుతాయి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకుకు విడిగా మీట ఉంటే దాన్ని మాత్రం మెల్లగా నొక్కాలి. ఆ ఊపుకు మూలం చాలాసార్లు సామాను సర్దడంలో ఉంటుంది. బరువంతా వెనక పడితే ఊగుతుంది. మామూలుగా మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే కారుకు ట్రైలర్ తగిలించే చోట పడాలంటారు, అంటే మీ 1,600 కిలోలకు 160 నుంచి 240. కొన్ని తేలిక రకాలకు ఇంకా తక్కువ, కాబట్టి మాన్యువల్లో ఎంత రాసి ఉంటే అంత. ఇదివరకు సామాను ఎవరు సర్దేవారు? మీ అమ్మగారే అయితే, ఏది ఎక్కడ ఉండేదో మీ నాన్నగారికి తెలియకపోవచ్చు. అడిగి చూడండి.

టైర్ల పక్కన అచ్చులో నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 3519 అంటే 2019లో 35వ వారంలో తయారైందని. ట్రైలర్ టైరు అరగకముందే వయసైపోతుంది. ఎక్కువ కాలం ఎండలో కదలకుండా నిలబడి ఉంటుంది కదా. పైన గీతలు కొత్తగా కనబడుతున్నా, ఐదారేళ్లు దాటితే మార్చాల్సిందే.

వేగం గురించి ఒక్క లెక్క. 100లో వెళ్లే బండి కంటే 80లో వెళ్లే బండిని ఆపడానికి 36 శాతం తక్కువ శక్తి చాలు. 640 కిలోమీటర్లకు తేడా గంటన్నర పైచిలుకు. రెండు రోజులుగా చేసుకుంటే ఆ గంటన్నర తెలియను కూడా తెలియదు.

రాత్రిడ్యూటీ

నర్సుగా నాకు తెలిసినది రాస్తున్నాను. 60 ఏళ్ల కంటిలో రెటీనా దాకా చేరే వెలుగు 20 ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతే ఉంటుంది. పైగా ఆపరేషన్ కాని కంటిలో శుక్లం ఉంటే ఎదురు లైట్లు పువ్వుల్లా విచ్చుకుని మొత్తం చూపును కమ్మేస్తాయి. కాబట్టి చీకటి పడ్డాక నడపడం వద్దు. దీని మీద బేరం లేదు.

బీపీ మాత్ర వేసుకుంటుంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయా అడగండి. జలుబుకీ దురదకీ దుకాణంలో కొనుక్కునే పాత రకం అలర్జీ మాత్రలు మర్నాటి దాకా మత్తుగా ఉంచుతాయి, పెద్దవాళ్లను ఇంకా ఎక్కువ. షుగర్‌కు ఇన్సులిన్ వాడుతుంటే అది వేరే కథ, డాక్టర్ని అడగకుండా కదలకూడదు. మాటిమాటికీ ఆగాల్సొస్తుందని చాలామంది పెద్దవాళ్లు ప్రయాణంలో నీళ్లు తాగడం మానేస్తారు. దయచేసి అది చేయనివ్వకండి. రెండు గంటలకోసారి దిగి నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా తగ్గుతుంది.

పెద్దల్లుడు

లాగుడుబండి గారు చెప్పింది ఒప్పుకుంటాను, సీటు ఖాళీ. మరి ఆ సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టొచ్చు కదా? మనవడో మనవరాలో పదహారేళ్లవాళ్లు ఉంటే పంపండి. లేదా మీలో ఒకరు ఆయన వెనకే కారులో వెళ్లండి.

లాగుడుబండి

వెనకే కారులో వెళ్లడం నేను చూశాను, నాకు నచ్చలేదు. ముందున్నవాడు అద్దంలో వెనక కారు వస్తోందా అని చూస్తూ ఉంటాడు. సిగ్నల్ దగ్గర విడిపోతే కంగారుపడి, ఆగకూడని చోట ఆగుతాడు. అంతకంటే గంట ముందు చేరి అక్కడ ఎదురుచూడండి.

మనవడిని పంపడం మంచిదే, కానీ ముందు పని నేర్పండి. ఫోన్ చూస్తూ కూర్చునే పిల్లాడు పక్కనుంటే ఒంటరిగా ఉన్నట్టే. పైగా తాతయ్యకు వాణ్ని చూసుకునే బాధ్యత ఒకటి మీద పడుతుంది.

ఒంటిచక్రం

నాకు 71. ఆయన పోయాక మూడేళ్లుగా నేనే లాగుతున్నాను.

మొదటిసారి బయల్దేరేటప్పుడు నా పిల్లలు ముగ్గురూ నాకు తెలియకుండా గ్రూపు పెట్టుకుని మాట్లాడుకున్నారు. నన్ను కారెక్కించుకుని వెళ్లాలని నిర్ణయించేశాక నాకు చెప్పారు. అప్పుడు కలిగిన బాధ నాకు ఇప్పటికీ పచ్చిగానే ఉంది. నేను అప్పటికే కళ్లు చూపించుకుని వచ్చాను, టైర్లు మార్పించాను, ఖాళీ మైదానంలో నాలుగు ఆదివారాలు రివర్స్ ప్రాక్టీస్ చేశాను. స్టీరింగ్‌ను కింది భాగంలో పట్టుకుంటే, చెయ్యి ఎటు కదిలితే ట్రైలర్ వెనక భాగం అటే వెళ్తుంది. ఈ కిటుకు పట్టుబడ్డాక భయం పోయింది. అనుమానం వచ్చిన ప్రతిసారీ బండి ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసి వస్తాను. ఒక్కోసారి ఆరుసార్లు దిగుతాను. చూసేవాళ్లు చూస్తారు, చూడనివ్వండి. ఇవేవీ నా పిల్లలు అడగలేదు.

అమ్మాయీ, మీ నాన్న ఆ ట్రైలర్ ఎందుకు తీసుకెళ్లాలనుకుంటున్నారో నేను ఊహించగలను గానీ చెప్పను. ఆయన నోటి నుంచే వినాలి నువ్వు.

పెద్దల్లుడు

అమ్మా, మీరు చేసినన్ని జాగ్రత్తలు అందరూ చేస్తే నేను ఈ చర్చలో ఒక్క మాట కూడా రాసేవాణ్ని కాదు. మా మామగారు కళ్లు చూపించుకోలేదు. మేమూ అడగలేదు.

నడిపమ్మాయి

నిన్న వెళ్లి నాన్నను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అద్దె ఇంట్లో మీ ముగ్గురి గదుల మధ్య నాకో మంచం వేస్తారు. ట్రైలర్లో మీ అమ్మ సర్దిన అలమార అలాగే ఉంది" అన్నారు. ఇద్దరం కాసేపు అలాగే కూర్చున్నాం.

తర్వాత ట్రైలర్ దగ్గరకి వెళ్లాం. నేను కారులో కూర్చుని బ్రేక్ తొక్కితే ఆయన వెనక నిలబడి చూశారు. ఎడమ లైటు వెలగలేదు. ఎన్నాళ్లుగా వెలగట్లేదో ఇద్దరికీ తెలియదు. టైర్ల మీద అంకె చూస్తే ఏడేళ్లు దాటాయి. నాన్న మొహం మారిపోయింది, "ఇవన్నీ తనే గుర్తుచేసేది" అన్నారు. లాగుడుబండి గారూ, మీరు రాసింది అక్షరాలా నిజం.

రివర్స్ చేసేటప్పుడు నన్ను వెనక నిలబెట్టారు. నేను ఎడమ పక్కకి జరగగానే బండి టక్కున ఆపేశారు. దిగొచ్చి, "నువ్వు అద్దంలో నాకు కనబడకపోతే నేను కదలను. కనబడే చోటే నిలబడు. మీ అమ్మ ఎప్పుడూ ఆ కుడివైపు మూలనే నిలబడేది" అని నా భుజం పట్టుకుని ఆ చోట నిలబెట్టారు. ఆయన చేతకాని మనిషి కాదని నాకు అక్కడ తెలిసింది. తను లేకుండా ఈ పని ఎలా చేయాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ప్రస్తుతానికి ఒప్పుకున్నవి ఇవీ. రెండు రోజుల ప్రయాణం, మధ్యలో ఒక రాత్రి ఆగడం. రెండు రోజులూ మధ్యాహ్నం మూడు లోపల చేరిపోవడం. 80 దాటకపోవడం. కొత్త టైర్లు. ఆగిన ప్రతిచోటా నాకు ఒక మెసేజ్. సరస్సు దగ్గర గేటు బయట నేను ముందే ఉండి, లోపల రివర్స్‌కు చెయ్యి చూపిస్తాను. కంటి డాక్టర్ దగ్గరకి గురువారం వెళ్తున్నాం. ఆవిడ వద్దంటే వెళ్లనని నాన్న తనంతట తానే అన్నారు.

అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం వాడు కూడా వస్తానన్నాడు, మైదానంలో నాన్న రివర్స్ చేస్తుంటే కుడి మూల వాణ్ని నిలబెడతాను.