తిప్పతీగ కషాయం రోజూ తాగొచ్చా? అందులోని పాలీశాకరైడ్లు నిజంగా ఇమ్యూనిటీ పెంచుతాయా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం):
మా అమ్మకు 61 ఏళ్లు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. కరోనా రోజుల్లో మొదలుపెట్టిన తిప్పతీగ కషాయం ఇప్పటికీ మానలేదు, పొద్దున్నే పరగడుపున ఒక గ్లాసు తాగాల్సిందే. తీగ మా పెరట్లో వేపచెట్టుకు పాకిందే. ఈ మధ్య పక్కింటివాళ్లు ఒక డబ్బా తెచ్చిచ్చారు. దాని మీద "పాలీశాకరైడ్లు 20 శాతం" అని ఉంది. కషాయం కంటే అది బలమైనదట, అదే వాడమంటున్నారు. మా మేనమామేమో ఆ తీగ జోలికే వెళ్లొద్దు, లివర్ పోతుందంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ, నాకు టెన్షన్. ఈ పాలీశాకరైడ్లు అంటే ఏమిటి? తాగితే పనిచేస్తాయా? అమ్మను ఆపాలా?

బయోకెమ్_టీచర్:
పాలీశాకరైడ్ అంటే చక్కెర అణువులు వరసగా కలిసిన పొడవాటి గొలుసు. అన్నంలో ఉండే పిండి కూడా పాలీశాకరైడే, కాబట్టి ఆ పేరు చూసి అందులో మహత్తు ఉందనుకోనక్కర్లేదు. తిప్పతీగ కాండంలో పిండి బాగా ఉంటుంది. మన పెద్దవాళ్లు తీసే తిప్పసత్తు చాలావరకు అదే. తీగను దంచి, నీళ్లలో పిసికి, కదపకుండా ఉంచి, పైనీరు వంచేసి, అడుగున పేరుకున్న తెల్లటి పదార్థాన్ని ఎండబెడతారు కదా, అది.

అందరూ మాట్లాడుతున్నది ఇంకో గొలుసు గురించి, అరబినోగెలాక్టాన్. భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి జి1-4ఎ అని పేరు పెట్టారు, 1999లో ప్రచురించారు. ఇది మాక్రోఫేజ్‌లు, బి కణాలు అనే రోగనిరోధక కణాలను ఉత్తేజపరుస్తుందని చూపించారు. బ్యాక్టీరియా విషం ఎక్కించినప్పుడు చచ్చిపోవాల్సిన ఎలుకలను ముందే ఇచ్చిన ఈ పదార్థం కాపాడిందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. మంచి పనే, మన దేశంలో జరిగిన పని.

కానీ ఎలుకలకు దాన్ని శుద్ధిచేసి సూదితో పొట్టలోకి ఎక్కించారు, తాగించలేదు. ఆ గొలుసును తెంచే ఎంజైమ్ మన జీర్ణాశయంలో లేదు. ఇంత పెద్ద అణువు ఉన్నదున్నట్టుగా రక్తంలోకి వెళ్లడం కష్టం. అది పెద్దపేగు దాకా వెళ్తుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ లాంటి చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. అవి పేగుకు మేలుచేస్తాయి. అంతవరకు చెప్పొచ్చు. సూది ఫలితాన్ని గ్లాసు కషాయానికి అంటగట్టడం మాత్రం తప్పు.

ఆయుర్వేద_వరంగల్:
టీచర్ గారూ, రక్తంలోకి వెళ్తేనే మందు అన్నట్టు చెబుతున్నారు. శరీరంలోని రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగు గోడల్లోనే ఉంటుంది కదా. పేగులోని పదార్థాన్ని అవి అక్కడికక్కడే పసిగడతాయి. జపాన్‌లో క్రెస్టిన్ అనే పుట్టగొడుగు పాలీశాకరైడ్‌ను 1977లోనే క్యాన్సర్ చికిత్సకు తోడుగా అనుమతించారు. అది నోటితో తీసుకునేదే.

తిప్పతీగను మనుషులకు ఇచ్చి చూడలేదనుకోకండి. ముంబయిలో 1993లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన 30 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకు మామూలు చికిత్సతోపాటు తిప్పతీగ ఇచ్చారు. ఆపరేషన్ తర్వాత బతికినవాళ్లు ఆ గుంపులో 92.4 శాతం, ఇవ్వని గుంపులో 40 శాతం. ముక్కు అలర్జీ ఉన్న 75 మందిలో 8 వారాలు చేసిన డబుల్ బ్లైండ్ పరీక్షలోనూ (ఎవరికి మందు, ఎవరికి ఉత్తిది ఇచ్చారో రోగికీ, డాక్టర్‌కీ తెలియని పరీక్ష) తుమ్ములు, ముక్కు కారడం బాగా తగ్గాయి. ఇది 2005 నాటి మాట. ఇంత ఉండగా "ఎలుకల వరకే" అనడం న్యాయం కాదు.

బయోకెమ్_టీచర్:
క్రెస్టిన్ ఉదాహరణ నా వాదనకే బలం. ఒకే రకం పుట్టగొడుగు, ఒకే పద్ధతిలో తీసిన పదార్థం, కొలిచిన మోతాదు, వేలమంది రోగుల మీద పరీక్షలు. తైవాన్‌లో హువాంగ్ చీ అనే చైనా మూలిక వేరులోని పాలీశాకరైడ్‌ను క్యాన్సర్ రోగుల నీరసానికి వాడతారు, అదైతే సెలైన్‌లో ఎక్కించే మందు. మొక్కల నుంచి వచ్చిన పాలీశాకరైడ్లు మందు కాలేవని నేను అనడం లేదు. మందు కావడానికి ఇంత దారి నడవాలి అంటున్నాను. 30 మందితో చేసిన అధ్యయనం ఆ దారిలో మొదటి అడుగు. పైగా ఆ రెండు పరీక్షల్లోనూ ఇచ్చింది తీగ సారం. అందులో చేదు పదార్థాలు, ఆల్కలాయిడ్లు అన్నీ ఉంటాయి, ఫలితం పాలీశాకరైడ్ వల్లే అని ఎలా చెబుతారు?

ఇంకోటి. మొక్కల మీద సహజంగానే బ్యాక్టీరియా ఉంటాయి. వాటి గోడలోని విషం అతి కొద్దిగా కలిసినా మాక్రోఫేజ్‌లు రెచ్చిపోతాయి, అదీ కణం మీద ఉండే టిఎల్ఆర్4 అనే గ్రాహకం ద్వారానే. జి1-4ఎ పనిచేసే మార్గంగా చెప్పేదీ అదే. అందుకే ఇలాంటి పరిశోధన ఏది చూసినా పాలీమిక్సిన్ బి కలిపి ఆ విషాన్ని అడ్డుకుని మళ్లీ పరీక్షించారా అన్నది ముందు వెతకాలి. ఆ పని చెయ్యకుండా "మా మొక్క ఇమ్యూనిటీ పెంచింది" అని రాసే పేపర్లు చాలా ఉన్నాయి. మా విద్యార్థులకు ఇది పదే పదే చెబుతాను.

క్యూసీ_ల్యాబ్:
నేను మూలికల సారాలు తయారుచేసే ఒక యూనిట్‌లో క్వాలిటీ విభాగంలో చేశాను. ఆ డబ్బా మీది 20 శాతం గురించి చెబుతాను. పాలీశాకరైడ్ల శాతం తేల్చడానికి ఎక్కువగా వాడేది ఫినాల్, సల్ఫ్యూరిక్ యాసిడ్ పరీక్ష. రంగు ఎంత ముదిరితే చక్కెర అంత ఉన్నట్టు. అరబినోగెలాక్టాన్ నుంచి వచ్చిందా, తీగలోని మామూలు పిండి నుంచి వచ్చిందా, పొడి గడ్డకట్టకుండా కలిపే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం నుంచి వచ్చిందా అన్నది ఆ పరీక్షకు తెలియదు. మాల్టోడెక్స్‌ట్రిన్ ఎంత కలిపితే శాతం అంత పెరుగుతుంది. గొలుసులో ఏయే చక్కెరలు ఉన్నాయో విడదీసి చూపే క్రోమటోగ్రఫీ రిపోర్టు అడగండి. అమ్మేవాళ్లు అది ఇవ్వలేకపోతే ఆ అంకెకు విలువ లేదు.

ఆల్కహాల్‌తో తీసిన సారమైతే అందులో పాలీశాకరైడ్ సరిగా రాదు, ఎందుకంటే ఆల్కహాల్ కలిపితే అది విరిగి అడుగుకు చేరుతుంది. చేదు పదార్థాలు మాత్రం వస్తాయి. చాలా డబ్బాల మీద "బిట్టర్స్" శాతం రాసేది ఇందుకే. వేడినీళ్లలో కాచిన కషాయంలో పాలీశాకరైడ్ దిగుతుంది. ఆ లెక్కన మీ అమ్మగారి గ్లాసు చాలా మాత్రల కంటే నయం.

లివర్_వార్డు:
ఆ చివరి వాక్యం చదివి ఎవరూ గ్లాసు ఎత్తకండి. నేను లివర్ విభాగంలో పనిచేస్తున్నాను. ముంబయి వైద్యులు 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురిని చూసి 2021లో ప్రచురించారు. అది తప్పుదోవ పట్టించే అధ్యయనమని, వాళ్లు వాడింది టినోస్పోరా క్రిస్పా అనే ఇంకో జాతి కావచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. 2022లో దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది వివరాలు వచ్చాయి. తీగ మొదలుపెట్టిన తర్వాత లక్షణాలు కనబడటానికి పట్టిన కాలం మధ్యస్థంగా 46 రోజులు. చాలామందిలో లివర్ దెబ్బతిన్న తీరు ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను, అంటే సొంత ఇమ్యూనిటీయే లివర్ మీద దాడిచేసే జబ్బును పోలి ఉంది. ముంబయి ఆరుగురిలోనూ కొందరికి ముందే థైరాయిడ్ సమస్య, షుగర్ లాంటివి ఉన్నాయి.

ఇమ్యూనిటీని లేపుతుందని సంతోషిస్తున్నాం సరే, సొంత శరీరం మీదే తిరగబడటానికి సిద్ధంగా ఉన్న ఇమ్యూనిటీని లేపితే? థైరాయిడ్ తక్కువగా ఉన్న నడివయసు ఆడవాళ్లలో ఎక్కువమందికి అది హషిమోటో, అంటే ఆటోఇమ్యూన్ జబ్బే. కృష్ణాతీరం గారూ, అమ్మగారిది ఏ రకమో ముందు కనుక్కోండి. కషాయం ఆపించండి. లివర్ పనితీరు చూపే ఎల్ఎఫ్‌టీ రక్తపరీక్ష చేయించండి, అందులో ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైమ్ ఎక్కువ వస్తే ఆటోఇమ్యూన్ జబ్బు జాడ చూసే ఏఎన్ఏ పరీక్ష కూడా. ఆకలి చచ్చిపోవడం, మూత్రం ముదురు పసుపు రావడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

నల్లమల_దారి:
క్రిస్పా అనుమానం ఉంటే తీగను చూసి గుర్తుపట్టొచ్చు. అసలు తిప్పతీగ కాండం ఆకుపచ్చగా ఉంటుంది, బొడిపెలు ఉండవు, తెంపితే పాలు కారవు. క్రిస్పా కాండం బూడిదరంగులో, చిన్న చిన్న బొడిపెలతో ఉంటుంది, పాలలాంటి ద్రవం వస్తుంది. సంతలో ఎండు ముక్కలుగా కొంటే ఇది తెలుసుకోవడం కష్టం.

మెంతుల_డబ్బా:
మీరంతా తీగ దగ్గరే ఆగిపోయారు. మొక్కల పాలీశాకరైడ్ మనుషుల్లో నోటి ద్వారా పనిచేస్తుందనడానికి గట్టి రుజువు కావాలంటే మన పోపులపెట్టెలో ఉంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు రోజుకు 100 గ్రాముల నూనె తీసిన మెంతిపొడిని రొట్టెల్లో కలిపి 10 రోజులు పెట్టారు. 24 గంటల మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది, 1990లో ప్రచురించారు. మెంతుల్లోని గెలాక్టోమానన్ అనే జిగురు కడుపులో ఉబ్బి, తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. ఇసబ్‌గోల్ పొట్టు కూడా ఇంతే, రోజుకు 7 గ్రాముల కరిగే పీచు అందేలా తింటే గుండెజబ్బు ముప్పు తగ్గొచ్చని డబ్బాల మీద రాసుకోవడానికి అమెరికా ఎఫ్‌డీఏ 1998లో ఒప్పుకుంది. వీటికి రక్తంలోకి వెళ్లాల్సిన పనే లేదు, పేగులో ఉండి పనిచేస్తాయి. తిప్పతీగకు ఇలాంటి కొలత ఎవరైనా చూపిస్తే నేనూ తాగుతాను.

ఆయుర్వేద_వరంగల్:
మెంతుల సంగతి నాకూ ఇష్టమే. అయితే ఆహారంగా 100 గ్రాములు తినేదాన్ని, ఔషధంగా కొద్దిగా ఇచ్చేదాన్ని ఒకే త్రాసులో తూచడం కుదరదు.

లివర్ విభాగం వారు చెప్పిన కేసులను నేను కొట్టిపారేయను. కానీ ఆ రోజుల్లో జరిగింది చూడండి. 2020 అక్టోబరులో కరోనా కోసం ఆయుష్ ఇచ్చిన ప్రోటోకాల్‌లో గుడూచి, అంటే తిప్పతీగ వచ్చింది. ఆ తర్వాత వైద్యుణ్ని అడగకుండా ఊరూవాడా తాగారు, ఎవరు ఎంత తాగారో, ఎన్నాళ్లు తాగారో లెక్క లేదు. కోట్లమంది వాడినచోట 43 మంది అంటే ఎంత అరుదో కూడా చూడాలి కదా. నా దగ్గరికి వచ్చేవాళ్లకు జ్వరం తర్వాతి నీరసానికో, కీళ్లవాపుకో కొద్దిరోజులు ఇచ్చి ఆపుతాను. నెలల తరబడి టీలాగా తాగమని ఎప్పుడూ చెప్పను.

లివర్_వార్డు:
43 అనేది రిపోర్టు చేసిన 13 ఆస్పత్రుల లెక్క, దేశం లెక్క కాదు. కామెర్లు వస్తే పసరుమందుకు వెళ్లేవాళ్లు ఏ ఆస్పత్రి రికార్డులోనూ ఉండరు. అరుదే అనుకుందాం, లాభం తేలని చోట అరుదైన నష్టం కూడా ఎక్కువే. "టీలాగా వద్దు" అన్న మీ మాట మాత్రం పెద్దగా చెప్పండి డాక్టర్ గారూ, మీరు చెబితే వింటారు.

ఇంకో మాట, ఆవిడ థైరాయిడ్ మాత్ర, కషాయం రెండూ పరగడుపునే తీసుకుంటున్నట్టున్నారు. ఆ మాత్ర మామూలు నీళ్లతోనే వేసుకోవాలి. ఇసబ్‌గోల్, మెంతిపొడి లాంటి జిగురు పదార్థాలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు, వాటికీ మాత్రకూ కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. పాత రిపోర్టులు తీసి చూశాను, అమ్మకు యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద దాడిచేసే యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్ అని ఉంది, అంటే మీరు చెప్పిన హషిమోటోనే. డబ్బా తిరిగి ఇచ్చేశాం. కషాయం ఆపమంటే మొదట ఒప్పుకోలేదు, వరంగల్ డాక్టర్ గారి మాట చదివి వినిపించాక సరే అంది. రేపు ల్యాబ్‌కు తీసుకెళ్తున్నాను. ఎల్ఎఫ్‌టీ నార్మల్ వస్తే మళ్లీ కొద్దిరోజులు తాగొచ్చా అని అడుగుతోంది.

లివర్_వార్డు:
వద్దండీ. యాంటీ టీపీఓ పాజిటివ్ ఉన్నప్పుడు ఒకసారి నార్మల్ వచ్చిందని ధీమాగా ఉండలేం.

ఆయుర్వేద_వరంగల్:
ఆటోఇమ్యూన్ ఉన్నవాళ్లందరికీ జీవితాంతం నిషేధం అన్న మాటను నేను ఒప్పుకోను, అలాంటి కీళ్లజబ్బుల్లోనే మేము గుడూచి ఇస్తాం. కానీ ఈ అమ్మగారి విషయంలో, ఇంట్లో సొంతంగా కాచుకుని తాగడానికైతే నా మాట కూడా వద్దనే.