ప్రకటనల్లో అడిగే ‘నేటివ్ స్థాయి’ జపనీస్ మనకు అందేదేనా?

ప్రశ్న: ఉదయగిరి అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గరి పల్లె. కావలిలో ఇంజనీరింగ్ చదివాను. చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తూ, సాయంత్రం తరగతులకు వెళ్ళి జపనీస్ నేర్చుకుని, జేఎల్‌పీటీ అనే భాషా పరీక్షలో, అన్నిటికంటే పై స్థాయి ఎన్‌1కు ఒక మెట్టు కిందిదైన ఎన్‌2 పూర్తి చేశాను. జపాన్ నుంచి వచ్చే డిజైన్ పత్రాలను ఇంగ్లీషులోకి మార్చి మా బృందానికి అందించడం ఇప్పుడు నా పని. ఇంతకంటే మంచి ఉద్యోగం కోసం వెతుకుతుంటే చెన్నై, బెంగళూరు ప్రకటనల్లో చాలా చోట్ల ‘నేటివ్ స్థాయి జపనీస్ తప్పనిసరి’ అని కనిపిస్తోంది. కొన్నింటిలో ‘ఎన్‌1 లేదా నేటివ్’ అని రాస్తున్నారు. ఈ రెండూ ఒకటేనా? జపాన్‌లో పుట్టి పెరిగినవారిని దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన ప్రకటనలకు మనం దరఖాస్తు చేయడం వృథా ప్రయాసేనా? ‘ఎన్ని పరీక్షలు రాస్తే ఆ భాష వచ్చినట్టమ్మా?’ అని మా నాన్నగారు అడుగుతున్నారు. అనుభవం ఉన్న పెద్దలు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: సింగరాయకొండ

జపాన్ సంస్థలకు మనుషులను ఎంపిక చేసే పనిలో బెంగళూరులో ఉన్నాను కనుక ప్రకటన వరకు నేను చెబుతాను. జేఎల్‌పీటీ అనేది జపనీస్ మాతృభాష కానివారి కోసం పెట్టిన పరీక్ష. జపాన్‌వారు దానిని రాయరు కాబట్టి వారి దగ్గర ఆ ధ్రువపత్రం ఉండదు. ‘ఎన్‌1 లేదా నేటివ్’ అని రాయడానికి సాధారణంగా కారణం ఇంతే. అలాంటి ప్రకటన చూసి మీరు వెనుకాడనవసరం లేదు.

ఉత్త ‘నేటివ్ స్థాయి’ అని మాత్రమే ఉన్నప్పుడు పని వివరాలు చదవాలి. వాణిజ్య ప్రకటనలకు జపనీస్‌లో మాటలు రాయడం, గొంతు ఇవ్వడం, అచ్చుకు వెళ్ళే ప్రతిని చివరిసారి సరిచూడడం వంటి పనులైతే వారికి నిజంగానే అక్కడ పెరిగిన మనిషి కావాలి. జపాన్ వినియోగదారులతో ఫోనులో మాట్లాడే పని అయితే ఉచ్చారణ, వేగం చూస్తారు. అక్కడి కార్యాలయానికీ ఇక్కడి ఇంజనీర్లకూ మధ్య నిలబడే పని అయితే మాత్రం ఆ మాటను అక్షరాలా తీసుకోవద్దు. ‘మాతో మాట్లాడేటప్పుడు ఇబ్బంది పడని మనిషి కావాలి’ అని టోక్యో నుంచి అడిగితే, ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, పని ఏమిటో ఆరా తీయకుండానే ‘నేటివ్’ అని రాసి పారేసే కన్సల్టెన్సీలు మా రంగంలో చాలా ఉన్నాయి. ఈ మూడో రకం పనులకు ఎన్‌2తోనే దరఖాస్తు చేయండి.

సమాధానం: పెన్నా ఒడ్డు

అమ్మా, నేను జపాన్‌లోని కవాసాకీలో కొన్నేళ్ళు బ్రిడ్జ్ ఇంజనీరుగా, అంటే అక్కడి కార్యాలయానికీ ఇక్కడి ఇంజనీర్లకూ మధ్య వారధిగా పనిచేసి వచ్చి, ఇప్పుడు నెల్లూరులో ఇంటి నుంచే అదే పని చేస్తున్నాను. పైవారు చెప్పిన మూడో రకం నాది.

ఎన్‌1 వస్తే చాలు అన్న నమ్మకం ముందుగా వదులుకోవాలి. ఆ పరీక్షలో మనచేత మాట్లాడించరు, ఒక్క వాక్యం కూడా రాయించరు. ఇచ్చిన జవాబుల్లో సరైనదానిని ఎంచుకోవడమే పని. మొత్తం 180కి 100 మార్కులు వచ్చి, మూడు విభాగాల్లోనూ 19కి తగ్గకుండా ఉంటే ఉత్తీర్ణులే. 2025 డిసెంబరు పరీక్ష నుంచి ఫలితాల పత్రంలో ఐరోపా భాషా ప్రమాణాల ప్రకారం స్థాయిని కూడా చూపుతున్నారు. దాని ప్రకారం ఎన్‌1లో 142, ఆపైన వస్తేనే సీ1 (పైనుంచి రెండో మెట్టు), 100 నుంచి 141 వరకు బీ2 (మూడో మెట్టు). పరీక్ష పెట్టేవారే ఎన్‌1ను నేటివ్ స్థాయి అనడం లేదన్నమాట. అయినా ఆ పరీక్ష రాయవద్దని నేననను. అంత చదివే ఓపిక మీకు ఉందనడానికి అది రుజువు, దరఖాస్తుల వడపోతలో మీ పేరు మిగలడానికి అది కావాలి.

పనిలో చేరాక భాష అసలు కష్టం మొదట ఫోనులో తెలుస్తుంది. ఎదుటి మనిషి ముఖం కనిపించదు, చేతిలో కాగితం ఉండదు, ఆయన తన సంస్థ పేరూ తన పేరూ ఒక్క గుక్కలో చెప్పి విషయంలోకి వెళ్ళిపోతాడు. ఆ తరువాతది గిజిరోకు, అంటే సమావేశపు నమోదు పత్రం. రెండు గంటల చర్చలో ఎవరు దేనికి ఒప్పుకున్నారు, దేనిని వాయిదా వేశారు, ఏ పని ఎవరి మీద పడింది అన్నది సాయంత్రానికల్లా జపనీస్‌లో రాసి అందరికీ పంపాలి. ‘పరిశీలిస్తాం’ అన్న పెద్దమనిషి నిజంగా పరిశీలిస్తానన్నాడా, మర్యాదగా కాదన్నాడా అన్నది గ్రహించి, దానికి తగిన క్రియను ఎంచుకుని రాయాలి. ఏ పరీక్షా దీనిని కొలవదు. ఇది వచ్చినవారిని మాత్రం సంస్థలు వదులుకోవు.

కేయిగో అనే గౌరవ భాష గురించి మీకు తెలిసే ఉంటుంది. గౌరవ వాచకాలు మనకూ ఉన్నాయి కాబట్టి తేలికే అనుకుంటాం, కానీ అక్కడి లెక్క వేరు. మనం మన మేనేజరు గురించి బయటివారితో మాట్లాడేటప్పుడు కూడా ‘గారు’ చేరుస్తాం, చేర్చకపోతే పొగరంటారు. జపాన్‌లో బయటి సంస్థవారు ఫోను చేసినప్పుడు మన సంస్థ అధ్యక్షుడి పేరుకైనా మన ‘గారు’ వంటి ‘సాన్’ చేర్చకూడదు, ఆయన చేసే పనిని సైతం తగ్గించి చెప్పే క్రియతోనే చెప్పాలి. ఫోను పెట్టేసి ఆయన వైపు తిరిగిన మరుక్షణం అదే పనిని హెచ్చించి చెప్పాలి. ఈ నియమాన్ని ఒక పూటలో నేర్చుకోవచ్చు, కానీ నాలుకకు అలవాటు కావడానికి ఏళ్ళు పడుతుంది.

మనకు ఒక సౌకర్యం కూడా ఉంది. క్రియ వాక్యం చివర రావడం, విభక్తి ప్రత్యయం నామవాచకం తరువాత చేరడం, ‘నిన్న వచ్చిన మనిషి’ వంటి కూర్పు, ఇవన్నీ రెండు భాషల్లోనూ ఉన్నాయి. మీరిప్పుడు రోజంతా జపనీస్ చదివి ఇంగ్లీషులో రాస్తున్నారు. అలాగే కొనసాగితే చదవడం పెరుగుతుంది గాని, మీ సొంత జపనీస్ వాక్యం పెరగదు. మీ బృందం అడిగే సందేహాలను జపాన్‌కు రాసి పంపే బాధ్యత మీకే ఇమ్మని మీ పై అధికారులను అడగండి.

సమాధానం: కొత్తపట్నం

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను, రొయ్యల ఎగుమతిలో నాణ్యత విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఇంజనీర్ల మధ్య నా మాట పనికొస్తుందో లేదో గాని, ఈ భాషతో బతికేవారిని దగ్గరగా చూశాను కాబట్టి రాస్తున్నాను.

వనామీ రకం రొయ్య రాకముందు నుంచే మన తీరపు టైగర్ రొయ్య జపాన్‌కు వెళ్ళేది. 2012లో అక్కడి అధికారులు మన రొయ్యల్లో ఎథాక్సీక్విన్ కోసం పరీక్షలు మొదలుపెట్టి, 0.01 పీపీఎం (కిలోకు 0.01 మిల్లీగ్రాము) దాటితే సరుకు ఒప్పుకోమన్నారు. అది మేతలోని చేపపిండి పాడవకుండా కలిపే పదార్థం. చెరువు మీద ఉన్న రైతుకు దాని పేరు కూడా తెలియదు. కొనుగోలుదారులు ‘ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేస్తారు’ అని వివరంగా రాసి ఇమ్మన్నారు. క్షమాపణ ఎంత గౌరవంగా రాసినా వారికి చాలదు. కారణం మూలం వరకు తవ్వి చూపించాలి. ఆ రోజుల్లో భాష బ్రహ్మాండంగా వచ్చి మేత గురించి ఏమీ తెలియనివారికంటే, భాష ఓ మోస్తరుగా వచ్చినా చెరువు నుంచి ప్రాసెసింగ్ ప్లాంటు దాకా పని తెలిసినవారే మమ్మల్ని ఆదుకున్నారు. మీకు ఇంజనీరింగ్ ఉంది, దానిని పక్కన పెట్టి ఉత్త అనువాదకురాలిగా మిగిలిపోవద్దు.

చెన్నై, బెంగళూరు మాత్రమే చూస్తున్నట్టున్నారు. తడ పక్కనే శ్రీసిటీ ఉంది కదా. ఇసుజు అక్కడ 2016లో ఉత్పత్తి మొదలుపెట్టింది, డైకిన్, టోరే, కోబెల్కో, యూనిచార్మ్ వంటి జపాన్ సంస్థలూ ఉన్నాయి. యంత్రాల మధ్య నిలబడి జపాన్ నిపుణుడి మాటను కార్మికులకు తెలుగులో చెప్పగలిగినవారికి కర్మాగారాల్లో ఉండే విలువ వేరు. అక్కడ ప్రకటనలో ఏమి రాశారన్నది ఎవరికీ గుర్తుండదు.

ఉదయగిరి అమ్మాయి:

అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. నెల్లూరులో ఒక ఏజెన్సీవారు, ముందు విద్యార్థి వీసా మీద జపాన్‌లో భాషా పాఠశాలలో చేరితే రెండేళ్ళలో నేటివ్ స్థాయి వస్తుందనీ, ఖర్చంతా అక్కడే పనిచేసి సంపాదించుకోవచ్చనీ అంటున్నారు. దానికి అప్పు చేయడం మంచిదేనా?

సమాధానం: గుండ్లకమ్మ

సాంకేతిక అనువాదం నా వృత్తి. ముందుగా కొత్తపట్నం వారితో ఒక విభేదం. కర్మాగారంలో పనితనం భాషను మించుతుందన్నది నిజమే కానీ, దానిని పట్టుకుని భాషను ‘ఓ మోస్తరు’ దగ్గర ఆపుకున్నవారు ఆ మెట్టు మీదే ఉండిపోతారు. ఒప్పందాలు, ధరలు, ఫిర్యాదులు మాట్లాడే గదిలోకి వారిని పిలవరు. వ్యవహారానికి సరిపడే చదువుకు ప్రామాణికంగా పెట్టిన కాంజీలే (చైనా లిపి నుంచి వచ్చిన అక్షరాలు) 2136 ఉన్నాయి, మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు ఆ లెక్కకు లొంగవు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు జపనీస్ నేర్పడానికి సుమారు 2200 తరగతి గంటలు పెట్టుకుంది. అది వృత్తిపరంగా పనిచేయగల స్థాయికి మాత్రమే. మీ నాన్నగారికి ఈ అంకె చెప్పండి. అలాగని చేరలేనిదేమీ కాదు. చైనాలో పుట్టి, పెద్దయ్యాక జపాన్ వెళ్ళిన యాంగ్ యీ 2008లో అకుతాగావా అనే ప్రముఖ సాహిత్య బహుమతి పొందారు. జపనీస్ మాతృభాష కాని రచయితకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. మన దేశం నుంచి వెళ్ళిన యోగేంద్ర పురాణిక్ 2019లో టోక్యోలోని ఎదొగావా వార్డు సభకు ఎన్నికయ్యారు. అక్కడి ఓటర్లను వారి భాషలోనే ఒప్పించారు.

ఏజెన్సీ మాట నమ్మి అప్పు చేయవద్దు. విద్యార్థి వీసా మీద ఉన్నవారు ప్రత్యేక అనుమతి తీసుకున్నాక కూడా చదువు రోజుల్లో వారానికి 28 గంటలే పనిచేయవచ్చు. దానితో ఫీజు, అద్దె, ఇక్కడి వడ్డీ అన్నీ తీర్చాలంటే చదువే వెనకబడుతుంది. రాత్రిపూట దుకాణాల్లో పెట్టెలు సర్దుతూ నేర్చుకునే భాష గిజిరోకు రాయడానికి పనికిరాదు. పైగా మీకు డిగ్రీ ఉంది, ఎన్‌2 ఉంది, పని అనుభవం ఉంది. ఇంజనీర్లకు, అనువాదకులకు ఇచ్చే ఉద్యోగ వీసాకు సంస్థ ద్వారానే ప్రయత్నించండి. ఉన్నత నైపుణ్య నిపుణుల వీసాకు లెక్కించే పాయింట్లలో ఎన్‌2కు 10, ఎన్‌1కు 15 ఇస్తారు. మొత్తం 70 వస్తే అర్హత, 80 ఉన్నవారు ఏడాది నివాసం తరువాతే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పు చేసి వెళ్ళేవారికి, ఉద్యోగం మీద వెళ్ళేవారికి తేడా ఇక్కడే కనిపిస్తుంది.

ఎన్‌1తో పాటు బీజేటీ అనే వ్యాపార జపనీస్ పరీక్ష కూడా చూడండి. 800 పాయింట్లకు ఉంటుంది, ఉత్తీర్ణత, అనుత్తీర్ణత ఉండవు, 600, ఆపైన వస్తే అత్యున్నత శ్రేణి అయిన జే1ప్లస్. కార్యాలయాల్లో ఎదురయ్యే సందర్భాల మీదే ప్రశ్నలుంటాయి.

సమాధానం: సింగరాయకొండ

గుండ్లకమ్మ వారి మాటకు ఒక చేర్పు. దరఖాస్తుతో పాటు రిరేకిషోను, అంటే బయోడేటాను, పని అనుభవం వివరించే షోకుము కేయిరేకిషోను మీరే జపనీస్‌లో రాసి పంపండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని మొదట అడిగేది ఆ కాగితంలోని వాక్యాల గురించే కాబట్టి వేరేవారిచేత రాయించవద్దు. దరఖాస్తు చేసే ముందు ఆ పని వివరాలను, మీ వ్యక్తిగత వివరాలు లేకుండా, ఇక్కడ పెడితే ఏ రకమో చూసి చెబుతాము.