అప్‌డేట్: రాజాం చిరునామాతో పోలీస్ వెరిఫికేషన్

విశాఖ నేవల్ డాక్‌యార్డులో కాంట్రాక్టు ఎలక్ట్రికల్ పనికి రాజాం చిరునామా ఉన్న నేను పోలీస్ వెరిఫికేషన్ ఏ జిల్లాలో పెట్టాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, అది పూర్తయింది. మీ సలహాలు చాలా ఉపయోగపడ్డాయి.

జవాబు విజయనగరం. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం నుంచి అటు మారాయి. ఆధార్‌లో పాత జిల్లా ఉంటే దరఖాస్తు శ్రీకాకుళం వెళ్లి అక్కడే ఆగిపోవచ్చు, ముందే మార్పించుకోండి.

పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) విదేశాలకు వెళ్లేవాళ్లకి. మనకు కావాల్సింది స్థానిక పోలీసులది.

ఎక్కువ చిక్కు పేర్ల దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే ఇద్దరు మనుషుల్లా కనిపిస్తారు. వేరే ఊళ్లో అద్దెకున్నా ఆ చిరునామా రాయండి. మీ మీద కేసు ఉండి కోర్టు కొట్టేసినా సరే దాచకండి, తీర్పు కాపీ జతచేయండి.