5డీ మార్క్ 4 తర్వాత ఏ బాడీ? కెనాన్ ఆర్6 మార్క్ 2నా, సోనీ ఏ7 4నా?

మండపం_లైటింగ్:
అన్నలూ, ఇప్పుడు వాడేది కెనాన్ 5డీ మార్క్ 4 కెమెరా. ఈఎఫ్ (కెనాన్ పాత మౌంట్) లెన్సులు 24-70 ఎఫ్/2.8, 70-200 ఎఫ్/2.8 ఐఎస్ ఉన్నాయి. రాత్రి ముహూర్తాలు, మండపం నిండా ఎల్‌ఈడీలు. ఫొటో, వీడియో రెండూ ఒకే బాడీతో కావాలి. పై రెండిట్లో ఏది?

ఫోకస్‌రింగ్:
ఆ లెన్సులు అమ్మే ఉద్దేశం లేకపోతే ఆర్6 మార్క్ 2 తీసుకోండి. ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్‌లో గాజు ఉండదు కాబట్టి క్వాలిటీ తగ్గదు, ఆటోఫోకస్ కూడా బాగా పనిచేస్తుంది. సోనీకి ఇవే లెన్సులు వేరే కంపెనీ అడాప్టర్‌తో పెడితే వీడియోలో ఫోకస్ తడబడుతుంది.

ఇంకోటి, ఏ7 4లో 4కే వీడియోలో సెకనుకి 50 ఫ్రేములకి వెళ్తే సెన్సర్ 1.5 రెట్లు క్రాప్ అవుతుంది, అంటే అంచులు తెగి దృశ్యం దగ్గరకొస్తుంది. మీ 24 ఎంఎం కాస్తా 36 అయిపోతుంది. ఇరుకు మండపంలో తలంబ్రాలప్పుడు వెనక్కి జరగడానికి చోటెక్కడిది? ఆర్6 మార్క్ 2లో ఆ క్రాప్ లేదు.

ఎల్‌ఈడీల కింద రెండిట్లోనూ ఫొటోలకి మెకానికల్ షట్టరే పెట్టండి. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో చారలు పడతాయి, ఏ7 4లో సెన్సర్ చదవడం నెమ్మది కాబట్టి మరీ ఎక్కువ. పైగా ఆ షట్టర్‌లో ఫ్లాష్ వెలగదు. వీడియోకి పాల్ మోడ్ (సెకనుకి 25, 50 ఫ్రేముల పద్ధతి), షట్టర్ స్పీడ్ 25 ఫ్రేములైతే 1/50, 50 అయితే 1/100.

ఈ_మౌంట్:
పాత లెన్సుల మాట సరే, రేపు కొత్తవి కొనాలంటే? టామ్రాన్ 28-75 ఎఫ్/2.8, 35-150 ఎఫ్/2-2.8 లాంటివి సోనీకి దొరుకుతాయి. కెనాన్ కొత్త మౌంట్ ఆర్ఎఫ్ ఫుల్‌ఫ్రేమ్‌లో బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులకి కరువే, సొంతవేమో ఖరీదు.

హెచ్‌డీఎంఐ కూడా చూసుకోండి. ఎల్‌ఈడీ స్క్రీన్‌కి లైవ్ ఇవ్వాలంటే ఏ7 4లో పెద్ద పోర్టు ఉంది. ఆర్6లోది మైక్రో, కేబుల్‌కి ఎవరి కాలైనా తగిలితే పోర్టే ఊడొస్తుంది. కేజ్ (కెమెరా చుట్టూ బిగించే ఫ్రేమ్), కేబుల్ క్లాంప్ లేకుండా దింపొద్దు.

మండపం_లైటింగ్:
లెన్సులు మార్చే బడ్జెట్ ఇప్పట్లో లేదు. మరి కార్డులు, హీటింగ్ సంగతి?

ఫోకస్‌రింగ్:
అయితే ఆర్6ఏ. సీ-లాగ్ 3 (తర్వాత రంగులు దిద్దుకునే వీలుండే మోడ్) పెట్టి 4కే 50లో తీస్తే సెకనుకి 340 మెగాబిట్లు, అంటే 128 జీబీ కార్డు సుమారు 50 నిమిషాలకే నిండుతుంది. వీ60 కార్డులు (సెకనుకి కనీసం 60 ఎంబీ రాసేవి) కొనండి, రెండు స్లాట్లలోనూ ఒకేసారి రికార్డయ్యేలా పెట్టండి. తంతు మొత్తానికి 25 ఫ్రేములు చాలు. స్లో మోషన్ కావలసిన జీలకర్ర-బెల్లం, తలంబ్రాలకే 50 వాడితే వేడీ తగ్గుతుంది, కార్డూ మిగులుతుంది. స్క్రీన్‌ని బాడీకి ఆనించి ఉంచకుండా పక్కకి తెరిచి పెట్టండి.

టైమ్‌లైన్:
కెమెరా కొనేముందు ఎడిటింగ్ పీసీ చూసుకోండి. ఆర్6 లాగ్ ఫైల్ హెచ్.265, 10-బిట్ 4:2:2. ఎన్‌విడియా 50 సిరీస్ కంటే పాత గ్రాఫిక్స్ కార్డులు దీన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయవు, టైమ్‌లైన్ ఈడుస్తుంది. ఇంటెల్ 11వ తరం లేదా ఆపైన ప్రాసెసర్‌లో క్విక్ సింక్ (వీడియో డీకోడ్ చేసే భాగం) ఉంటే నడుస్తుంది, 'ఎఫ్' మోడళ్లలో మాత్రం అది ఉండదు. లేదంటే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చిన్న సైజు నకళ్లు) చేసుకోక తప్పదు.