కాంక్రీట్ కలిపే మిల్లర్ లాగడానికి డీజిల్ పికప్ మంచిదా, పెట్రోల్–సీఎన్‌జీదా?

స్లాబ్ మేస్త్రి, హన్మకొండ:
అన్నలకు నమస్తే. ఇన్నాళ్లూ మా మిల్లర్‌ను కిరాయి ట్రాక్టర్‌తో సైటుకు చేరుస్తున్నాను. ఇప్పుడు సొంత పికప్ తీసుకుందామని ఉంది. బండిలో సెంట్రింగ్ సామాను, వెనుక కొక్కేనికి మిల్లర్. పనులు కాజీపేట, మడికొండ, అప్పుడప్పుడు పరకాల వైపు. ఏ ఇంజిన్ తీసుకోవాలో తేలక వారం నుంచి టెన్షన్.

కూరగాయల బండి, వరంగల్:
నాది 1.2 లీటర్ల పెట్రోల్–సీఎన్‌జీ బండి, మూడేళ్లయింది. చప్పుడు లేదు, సర్వీసు ఖర్చు తక్కువ. సీఎన్‌జీ కోసం లైన్లో నిలబడాలి, అదొక్కటే బాధ. అమెరికాలో పెద్ద పెద్ద ట్రైలర్లనే పెట్రోల్ పికప్‌లతో లాగుతున్నారు కదా. డీజిల్ అయితేనే లాగుతుందనేది పాత మాట.

లారీ డ్రైవర్, నర్సంపేట:
తమ్మీ, నీ కూరగాయల లోడుకు నీ బండి సరైనదే. అమెరికా పోలిక మాత్రం ఇక్కడ కుదరదు. 2020 మోడల్ ఫోర్డ్ సూపర్ డ్యూటీలో పెట్రోల్ ఇంజినే 7.3 లీటర్లు. అంత పెద్దదానికీ టార్క్, అంటే తిప్పే బలం, 475 పౌండ్–అడుగులు. అదే బండిలో 6.7 లీటర్ల డీజిల్‌కు 1,050. మనం మాట్లాడుకునేది 1.2 లీటర్ల ఇంజిన్ గురించి.

మేస్త్రీ, నీకు కావాల్సింది స్పీడు కాదు, నిలబడ్డ బరువును కదిలించే పుల్లింగ్. సైటు దగ్గర తారు రోడ్డు ఉండదు. ఇసుక, కంకర, నిన్నటి వాన బురద ఉంటాయి. చిన్న పెట్రోల్ ఇంజిన్‌కు బలం బాగా తిరిగాకే వస్తుంది. అందుకని రేస్ పెంచి, క్లచ్ సగం వదిలి ఈడ్చాలి. క్లచ్ ప్లేట్ కాలేది అక్కడే. మా బావమరిది అలాంటి బండికే జనరేటర్ ట్రాలీ కట్టి తిరిగాడు, ఎనిమిది నెలల్లో క్లచ్ మార్చాడు. టర్బో డీజిల్ నిమిషానికి 1,500 చుట్లు (ఆర్‌పీఎం) దాటగానే పట్టు ఇస్తుంది. పైగా మన దగ్గర డీజిల్ లీటరుకు సుమారు 12 రూపాయలు తక్కువ, ఒక్కో లీటరులో శక్తి కూడా పెట్రోల్ కంటే పదో వంతు ఎక్కువే.

డీజిల్‌కూ ఒక చిక్కు ఉంది, అది ఎవరూ ముందు చెప్పరు. 2020 ఏప్రిల్‌లో బీఎస్–6 పొగ నిబంధనలు వచ్చాక చాలా డీజిల్ బండ్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. ఆ మసి కాలాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి. హన్మకొండ చౌరస్తా, కాజీపేట అంటూ రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిప్పితే వేడెక్కదు, మీటర్‌లో లైటు వెలుగుతుంది. వారానికి ఒకసారి ములుగు రోడ్డు మీద అరగంట ఆగకుండా నడుపు.

కూరగాయల బండి, వరంగల్:
క్లచ్ మాట ఒప్పుకుంటాను అన్నా. కానీ మిల్లర్ రోజూ కదలదు కదా? దానికి ట్రాక్టర్ కిరాయి ఇచ్చి, సామానుకు చిన్న బండి పెట్టుకుంటే నెల కిస్తీ తగ్గుతుంది.

స్లాబ్ మేస్త్రి, హన్మకొండ:
సీజన్‌లో వారానికి మూడు, నాలుగు స్లాబులు పడతాయి తమ్మీ. నాట్లప్పుడు, కోతలప్పుడు ట్రాక్టర్ దొరకదు. పోయిన ఏడాది పొద్దున ఆరింటికి వచ్చిన కూలీలు పదకొండు దాకా మిల్లర్ కోసం ఎదురుచూశారు. రాత్రి లైట్లు పెట్టుకుని స్లాబ్ ముగించాం. వాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

లారీ డ్రైవర్, నర్సంపేట:
అయితే డీజిలే తీసుకో. ముందు మిల్లర్‌ను కాంటా వేయించు, అందాజ బరువు నమ్మకు. బండి మోసే బరువు వేరు, లాగే బరువు వేరు. లాగేది ఎంతో షోరూంలో కాగితం మీద రాసివ్వమను. రాసివ్వకపోతే ఆ బండికి కొక్కెం వేయించకు. ఇంకో మాట, మిల్లర్‌కు సొంత బ్రేకు ఉండదు. దిగుడులో అది వెనుక నుంచి నెడుతుంది. డీజిల్‌కు పుల్లింగ్ ఎక్కువే కానీ, యాక్సిలేటర్ వదిలితే పెట్రోల్ ఇంజిన్ ఆపినంతగా బండి వేగాన్ని ఆపదు. దిగకముందే గేరు తగ్గించు. పిన్నుతో పాటు గొలుసు కూడా కట్టు.

స్లాబ్ మేస్త్రి, హన్మకొండ:
గొలుసు సంగతి నాకు తట్టనే లేదన్నా. రేపు పొద్దున కాంటాకు పోతున్నాను, బరువెంతో ఇక్కడే రాస్తాను.