జూన్‌లో హవాసు జలపాతానికి నడక: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కొత్తబాట
అరిజోనాలోని హవాసు జలపాతానికి జూన్ రెండో వారంలో పర్మిట్ దొరికింది. నేను, మా ఆవిడ, తమ్ముడు వెళ్తున్నాం. నడక అలవాటే కానీ అంత ఎండలో ఎప్పుడూ నడవలేదు. ఎన్నింటికి బయల్దేరాలి? నీళ్లు ఎంత మోయాలి? మూనీ జలపాతం దిగడమంటే మా ఆవిడకి ఇప్పటి నుంచే టెన్షన్.

ఎర్రరాయి
ముందు తిరుగు ప్రయాణం సంగతి తేల్చుకోండి, మిగతాది దాన్నిబట్టి కుదురుతుంది. కారు ఆపి నడక మొదలుపెట్టే కొండ అంచుని హిల్‌టాప్ అంటారు. అక్కణ్ణుంచి లోయలో ఉన్న సుపాయ్ ఊరు 8 మైళ్లు, ఊరి నుంచి క్యాంప్‌గ్రౌండ్ ఇంకో 2 మైళ్లు. మొదటి మైలున్నర కొండ అంచున మలుపులు తిరుగుతూ బాగా వాలుగా దిగుతుంది. ఆ తర్వాత ఎండిపోయిన వాగులో ఇసుక, గులకరాళ్ల మీద నడక. వెళ్లేటప్పుడు హాయిగానే ఉంటుంది. వచ్చేటప్పుడు ఆ వాలంతా ఎక్కుడై చివర్లో ఎదురవుతుంది, వెయ్యి అడుగుల పైమాటే. దాని మీద ఎండ పడకముందే పైకి చేరాలి. అందుకని రాత్రి రెండు మూడు గంటలకే హెడ్‌ల్యాంప్ పెట్టుకుని టెంట్ సర్దేయండి. పొద్దెక్కాక బయల్దేరినవాళ్లు ఆ మలుపుల దగ్గర కూలబడిపోవడం కళ్లారా చూశాను.

నీళ్లు మనిషికి నాలుగు లీటర్లు అనుకోండి. హిల్‌టాప్ దగ్గర నీళ్లుండవు, ఊరు దాటి పైకి వస్తుంటే దారిలో ఎక్కడా దొరకవు. క్యాంప్‌గ్రౌండ్‌లో ఫెర్న్ స్ప్రింగ్ అనే ఊట ఉంది, బయల్దేరే ముందు సీసాలన్నీ అక్కడ నింపుకోండి.

రాత్రిడ్యూటీ
నర్సుగా ఒక మాట చేరుస్తాను. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు మొదలవుతాయి, చూసేవాళ్లు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు. నీళ్లతో పాటు ఉప్పగా ఉండేదేదో ఒకటి తింటూ ఉండండి, ఎలక్ట్రొలైట్ పొడి దగ్గర పెట్టుకోండి.

మనిషి తడబడుతూ మాట్లాడినా, ఎక్కడున్నాడో తెలియనట్టు ప్రవర్తించినా అది ప్రమాదం. చెమట పడుతోంది కదా అని ధైర్యపడకండి, వడదెబ్బలో చెమట పట్టవచ్చు కూడా. నీడకి చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసరాలి. సాయం కోసం ఒకరు వెళ్లినా మిగిలినవాళ్లు ఆ పని ఆపకూడదు.

గొలుసుపట్టు
మూనీ గురించి: ఎత్తు దాదాపు 200 అడుగులు, హవాసుకి రెట్టింపు. రాతిలో తొలిచిన సొరంగాల్లోంచి వెళ్లి, తర్వాత గొలుసులు, చెక్క నిచ్చెనలు పట్టుకుని దిగాలి. కింది భాగమంతా తుంపర్లతో తడిసి జారుతుంది. పట్టు ఉండే గ్లవ్స్, అడుగు గట్టిగా ఉండే చెప్పులు తప్పనిసరి. చేతిలో ఫోను గానీ సంచి గానీ వద్దు. పొద్దున్నే వెళ్తే ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఒకరికొకరు అడ్డం పడరు.

మీ ఆవిడకి ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి. పైనుంచే జలపాతం మొత్తం కనిపిస్తుంది, అదే ఎంతో బాగుంటుంది. దిగితే మాత్రం బీవర్ జలపాతం దాకా వాగులో నడుచుకుంటూ వెళ్లొచ్చు. నీళ్లలోని సున్నం పేరుకుని ఏర్పడ్డ ఆ మడుగుల మెట్లు, ఆ నీలిరంగు నేను ఇంకెక్కడా చూడలేదు.

తూర్పుగాలి
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మానాన్నలకి అరవై దాటాయి. హెలికాప్టర్‌లో తీసుకెళ్లొచ్చా?

ఎర్రరాయి
తూర్పుగాలి గారూ, హెలికాప్టర్ రోజూ తిరగదు, ముందుగా సీటు బుక్ చేసుకునే వీలు లేదు. ఊరివాళ్లకీ వాళ్ల సామాన్లకీ మొదటి చోటు, ఆ తర్వాతే మనం. గాలి ఎక్కువైతే అసలు ఎగరదు. దిగాక కూడా జలపాతం దాకా ఇసుకలో నడవాలి. దాన్ని నమ్ముకుని పెద్దవాళ్లని తీసుకెళ్లకండి. వాళ్లు నడవగలిగితేనే, అదీ చల్లని నెలల్లో, ఊళ్లోని లాడ్జిలో గది దొరికితే ఆలోచించండి.

వాగొడ్డు
జులై నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్ ఉన్నవాళ్లు వరద సంగతి చూసుకోండి. నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో పైన కురిసిన వాన లోయలోకి వచ్చేస్తుంది. 2008 ఆగస్టు వరదకి వాగు దారే మారిపోయి పాత నవాహో జలపాతం ఎండిపోయింది. నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకి తిరిగితే సామాను వదిలేసి ఎత్తుకి వెళ్లిపోవాలి.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. ఇది హవాసుపాయ్ అనే ఆదివాసీ తెగ ప్రజల సొంత నేల. వాళ్ల నుంచి పోయిన భూమిలో సుమారు 1,85,000 ఎకరాలు 1975లో చట్టం ద్వారా తిరిగి దక్కాయి. మద్యం, డ్రోన్లు నిషేధం. అడగకుండా ఊళ్లోవాళ్ల ఫొటోలు తీయకండి. దారిలో గుర్రాలు, కంచరగాడిదలు వస్తుంటే కొండవైపుకి ఒదిగి నిలబడండి, లోయవైపుకి కాదు.

కొత్తబాట
అందరికీ చాలా థ్యాంక్సండీ. సాయంత్రం చల్లబడ్డాక దిగడం మొదలుపెడితే ఎలా ఉంటుంది?

గొలుసుపట్టు
సాయంత్రం దిగడం కన్నా, లేదా రాత్రంతా కారు నడిపి వచ్చి వెంటనే దిగడం కన్నా, దగ్గర్లో పడుకుని తెల్లవారకముందే మొదలుపెట్టడం మంచిది. రూట్ 66 హైవే వదిలాక హిల్‌టాప్ దాకా 60 మైళ్లకు పైగా పెట్రోలు బంకు లేదు, ముందే ట్యాంకు నింపుకోండి. చీకట్లో ఆవులు, జింకలు రోడ్డు మీదకి వస్తాయి, నెమ్మదిగా వెళ్లండి.